నగారా సిపాయి ఎడమ కన్ను

మా ఉస్తాద్ పోయారన్న కబురు నాకు కార్యాలయంలో, రికార్డు గదిలో ఉండగా అందింది. ఫోను చేసింది ఆయన కోడలు. "అన్నా, మామ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నోడు గట్లనే ఒరిగిండు," అన్నది. "నిజమేనా?" అని అడిగాను. దుఃఖంలో ఎవరైనా అడిగే ప్రశ్న కాదది. మూడు నెలలుగా ఆయనకూ నాకూ మాటలు లేవు. నన్ను ఆ గుమ్మం తొక్కించడానికి వేసిన ఎత్తేమోనని నిజంగానే అనుమానించాను. ఆమె "వచ్చి చూస్కో అన్నా," అని పెట్టేసింది.

బొమ్మలకు రంగులు వేసే మన బృందంలో ఆయనను చూసినవారు ఎవరూ లేరు. నా బొమ్మల ఫొటోలు చూసి ఈ చెయ్యి ఎవరి దగ్గర కుదిరిందని అడిగిన ప్రతివారికీ "సొంతంగా నేర్చుకున్నాను" అని బదులిచ్చాను. రాత్రిబడిలో పదో తరగతి, రాత్రి కళాశాలలో చరిత్రలో పట్టా, రెండూ ఉద్యోగం చేసుకుంటూనే సంపాదించినవాడిని. సొంతంగా అన్న మాట నా నోటికి సులువుగా వస్తుంది. ఈసారి మాత్రం అది పూర్తి నిజం కాదు.

మన పత్రిక ఈ సంచికను ధూల్‌పేట్‌లో మా గల్లీవారు కూడా నలుగురు చదువుతారు కనుక, మన పని ఏమిటో ముందు చెప్పాలి. బల్ల మీద గుట్టలు, వంతెనలు, ఊళ్లు అమర్చి, పాచికలు వేసి యుద్ధం ఆడే ఆట ఒకటి ఉంది. అందులో సైన్యం అంటే బొటనవేలంత సిపాయిలు. రంగు లేకుండా వస్తారు. టోపీ, గుండీలు, బూట్లు, కనుగుడ్లతో సహా ఎవరి సైన్యానికి వారే రంగులు వేసుకోవాలి. ఈ సంవత్సరం మన బృందం ఒక పందెం పెట్టుకున్నది: వేసవి ముగిసేలోగా నలభై మంది సిపాయిలు, ప్రతి ఒక్కరికీ సొంత చేతితో రంగు, వారం వారం ఫొటో. బృందంలో అందరికన్నా వయసులో పెద్దవాడిని, ఇంగ్లీషులో వెనుకబడినవాడిని నేనే. అందుకే అందరికన్నా ముందు పేరు ఇచ్చాను.

పేరైతే ఇచ్చాను గానీ, కూర్చోవడానికి చోటు లేదు. మా ఇంట్లో ఉన్నది ఒకటే గది. నా భార్య కుట్టుమిషను రోజంతా తిరుగుతుంది, దాని నుంచి లేచే దూది పోగులు తడి రంగు మీద వాలి అంటుకుంటాయి. కాబట్టి మెట్ల మీద కూర్చుని, సిపాయిని ముక్కు దగ్గర పెట్టుకుని రంగు వేస్తున్నాను. ఎదురింటి గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఏంది గ్రాడ్యుయేట్ సాబ్, పేన్లు చూస్తున్నవా?"

"సిపాయికి రంగేస్తున్న ఉస్తాద్."

"ఇంత సిపాయా! ఏ కోట కాస్తడు వీడు? చీమల కోటనా?"

ఆయన నలభై ఏళ్లుగా ధూల్‌పేట్ వినాయకులకు కళ్లు పెట్టిన మనిషి. మట్టి వేరొకరు కలుపుతారు, అచ్చు వేరొకరు పోస్తారు, ఒంటికి రంగు ఇంకొకరు కొడతారు. చిట్టచివర ఆయన వచ్చి, నిచ్చెన ఎక్కి, కళ్లు పెట్టి దిగిపోతారు. నన్ను "గ్రాడ్యుయేట్ సాబ్" అని పిలవడంలో వెక్కిరింపు ఎంత, మర్యాద ఎంత అన్నది నేను చాలాకాలం తూకం వేస్తూనే ఉన్నాను. వెక్కిరింపే ఎక్కువని తేల్చుకున్నాను.

వారం తిరగకముందే ఆయన తన ముందు గదిలో కిటికీ పక్కనున్న బల్లను నాకు ఇచ్చారు. "దుమ్ము లేదు, ఎండ మొకం మీద కొట్టదు. డబ్బా గిక్కడనే పెట్టుకో. ఎవ్వడు ముట్టడు." అడగకుండా ఇచ్చిన దేనినైనా నేను రెండుసార్లు తిప్పి చూస్తాను. ఈయనకు నాతో ఏం పని? నా బొమ్మలు ఎవరికైనా చూపించి నవ్వుకుంటారా? మెళకువలు తెలుసుకుని తానే మొదలుపెడతారా? డబ్బా మూతకూ అంచుకూ మధ్య ఒక తల వెంట్రుక అంటించి ఇంటికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. వెంట్రుక ఏనాడూ తెగలేదన్నది కూడా రాయాలి.

ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు ఒక గంట, ఆదివారం ఒక పూట ఆ బల్ల దగ్గర కూర్చునేవాడిని. ఉస్తాద్ కుర్చీ లాక్కుని నా భుజం వెనక చేరేవారు. "ఊపిరి పట్టుకోని గియ్యకు. మొత్తం ఇడ్సు. ఇడ్సినంక ఒక నిమ్మళం ఉంటది సూడు, గప్పుడు గియ్యి," అనేవారు. "రంగు కుంచె కడుపుల ఉండాలె, మూతికి కాదు," అనేవారు. రెండు వారాల్లో నా గీత సన్నబడింది. ఫొటోల కింద మెచ్చుకోళ్లు మొదలయ్యాయి.

నా అనుమానం తగ్గలేదు, పెరిగింది. ఇంత చెబుతున్న మనిషి ఒక్కసారైనా నా ముందు కుంచె పట్టి చూపలేదు. "మీరొక గీత గీసి సూపియ్యిన్రి ఉస్తాద్" అంటే, "నేను గీస్తే అది నా సిపాయి అయితది, మీ పందెంల ఒప్పుకోరు" అనేవారు. చేతులు ఎప్పుడూ చంకల కింద పెట్టుకుని కూర్చునేవారు. చాయ్ గ్లాసు వస్తే రెండు చేతులా పట్టుకుని తాగేవారు. పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరాక కార్ఖానాకు ఒక గంట మాత్రం వెళ్లి వచ్చి, మిగిలిన రోజంతా ఖాళీగా ఉండేవారు. అసలు విద్యను దాచిపెట్టుకుని అంచులు మాత్రమే నాకు నేర్పుతున్నారని నేను నిర్ణయించుకున్నాను. చేతి విద్యవాళ్లు అలాగే ఉంటారని నా భార్యతో అన్నాను కూడా. ఆమె మిషను ఆపకుండానే, "నీకు నేర్పి ఆయనకేం ఒస్తది?" అన్నది. నాకూ అదే అర్థం కావడం లేదు.

మేమిద్దరం ఏకీభవించని విషయం ఒక్కటే, కళ్లు. మన పద్ధతిలో సిపాయికి ముందు కళ్లు వేస్తాం. తప్పితే చుట్టూ చర్మం రంగుతో దిద్దుకోవచ్చు. ఇది చూసిన మొదటిరోజు ఆయన కుర్చీలోంచి లేచారు.

"అరె, ఏం పని ఇది! ముందుగాల కన్ను తెరిపిచ్చి, వాడు సూస్తుండంగ వానికి లాగు తొడుగుతవా?"

"తప్పు దిద్దుకునుడు అల్కగ ఉంటది ఉస్తాద్."

"కన్నుల తప్పు చేస్తనని ముందే అనుకోని కూసుంటవా? కన్ను ఆఖరుకు. పెట్టినంక ఇంక వానికి చెయ్యి తాకియ్యొద్దు. దిగి వచ్చెయ్యాలె."

నెలన్నర పాటు ఈ వాదన సాగింది. చివరకు ఆయన మాట కోసం ఒక్క సిపాయిని అలా చేస్తానన్నాను. నగారా వాయించేవాడు వాడు, నలభైలో ఆఖరివాడు. కోటు, పట్టీలు, నగారా మీది తాళ్లు, అన్నీ పూర్తి చేసి ముఖాన్ని కళ్లు లేకుండా వదిలాను. "ఆదివారం పెడదాం," అన్నారు ఉస్తాద్. వాడు ఇంకా ఆరుతున్నాడు కనుక డబ్బాలో పెట్టకుండా బల్ల మీదే నిలబెట్టి వెళ్లాను. గురువారం అది.

శుక్రవారం ఉదయం చూస్తే నగారా సిపాయి ఎడమ కంటి దగ్గర నల్లని గీత ఒకటి మొదలై, చెంప మీదుగా గడ్డం దాకా జారి ఉంది. ఉస్తాద్ గోడవైపు చూస్తున్నారు.

"ఏంది ఉస్తాద్ ఇది?"

"చెయ్యి తగిలింది."

"చెయ్యి తగిల్తే నల్లరంగు అంటుతదా? కుంచెతోని గీసిన గీత అది. పందెం ఇంక మూడు దినాలున్నది."

"చెయ్యి తగిలింది అన్న గద."

నా ఫొటోలకు వస్తున్న పేరు చూడలేక చేశారని నేను అనుకున్నాను. అనుకోవడం కాదు, నమ్మాను. డబ్బా చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇకపై రాసేదే అసలు సంగతి. ఆ సాయంత్రం గల్లీ మొదట్లో ఉన్న హోటల్లో చాయ్ తాగుతుండగా, ఉస్తాద్ పనిచేసే కార్ఖానా సేటు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రాబోయే సీజనుకు ఎవరెవరు ఏ పని చేయాలో కుదుర్చుకుంటున్న రోజులవి.

"ఏం సార్, మా ఉస్తాద్ శిష్యరికం మస్తు నడుస్తుందట?"

"నడిచింది, అయిపోయింది. నా బొమ్మ మొకం ఖరాబు చేసిండు. చెయ్యి తగిలిందంటడు."

"ఉస్తాద్ చెయ్యి తగుల్తదా? మజాక్ చేస్తున్నవా?"

అప్పుడు నేను చాలా జాగ్రత్తగా, ఒక నివేదిక రాసినట్టు అన్నాను: "రెండిట్ల ఒకటి. అయితే కావాలని చేసిండు, లేకుంటే చెయ్యి పోయింది. ఏదో మీరే తెల్సుకోండ్రి." సేటు చాయ్ సాసర్‌లో పోసుకుని, తాగకుండా కాసేపు చూశాడు. ఆ చూపు నాకు బాగానే అర్థమైంది. అర్థమైనా ఇంకేమీ అనలేదు.

ఆఖరిరోజు నగారా సిపాయి ముఖం పూర్తి చేశాను. పాత గీతను ద్రావకంతో తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి, అది పద్ధతి. కోపంలో ఉన్నాను, సమయమూ లేదు. ఆ గీత మీదే చర్మం రంగు రెండు పూతలు పూసి, దాని మీద నా కళ్లు పెట్టేశాను. నలభై పూర్తయ్యాయి. ప్రశంసాపత్రం వచ్చింది. ఫ్రేము కట్టించాను.

వేసవి దాటి వానలు పడ్డాయి. కార్ఖానాలలో మూర్తులు లేచాయి. ఉస్తాద్ మాత్రం గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పొద్దున గంటసేపు వెళ్లడం కూడా మానేశారు. నేను మెట్లు దిగేటప్పుడు ఆయన తల ఎత్తేవారు, నేను చెప్పుల వంక చూసుకుంటూ వెళ్లేవాడిని. నన్ను కాపు కాయడానికే అక్కడ కూర్చుంటున్నారని అనుకున్నాను. ఈ యేడు మూర్తులకు కళ్లు వేరొకరు పెట్టారని చవితికి పది రోజుల ముందు ఆయన పోయినప్పుడే తెలిసింది.

మూడో రోజు పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన కోడలు నాకు ఆ కిటికీ పక్కనే కుర్చీ వేసింది. తానుగా చెప్పింది.

"రెండేండ్లాయె అన్నా, చెయ్యి వణుకుడు. పొద్దుగాల గోలీ ఏస్కుంటే గంట, గంటంబావు మంచిగ నిలబడ్తుండె. గా గంటల్నే కార్ఖానకు పోయి కండ్లు పెట్టి వస్తుండె. మాకు తప్ప ఎవ్వరికి తెల్వనియ్యలె."

"నా బొమ్మ..." అన్నాను.

"గోలీ లేకుండ ఒక్కపారి చూస్తనన్నడు. గింత చిన్న మొకం మీద నిలబడ్తే, ఎంత పెద్ద మూర్తి మీదనైన నిలబడ్తదన్నడు. గీత జారినంక చానాసేపు గట్లనే కూసున్నడు. తుడుస్త మామా అంటే, వద్దు బిడ్డా, ఆయన పని ఇంకింత ఖరాబైతది అన్నడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకున్నది. "ఎవరో సేటుకు చెప్పిన్రట, చెయ్యి పోయిందని. గా గంట ఉండె గదన్నా. గా గంట చాలు ఆయనకు. ఎవరు చెప్పిన్రో ఎర్కలేదు."

చెప్పింది నేనేనని అనకుండానే లేచాను. ఇంటికి వచ్చి మూడు రాత్రులు ఇది రాశాను. ఆయనకు తెలుసా అన్నది నాకు తేలడం లేదు. గుమ్మంలో కూర్చుని తల ఎత్తినప్పుడల్లా నన్ను అడగాలనుకున్నారా, క్షమించాలనుకున్నారా, ఊరికే పలకరించాలనుకున్నారా? జీవితమంతా ఎదుటివారిని అనుమానించినవాడిని. ఇప్పుడు ఆ చాయ్ బల్ల దగ్గర కూర్చున్న నన్ను అదే కళ్లతో చూస్తున్నాను. నిజం చెప్పాలన్న తొందరతోనే ఆ మాట అన్నానా, ఆయన పని పోవాలనే అన్నానా? నాకు అనుకూలమైన జవాబు వచ్చిన ప్రతిసారీ దాన్ని నేను నమ్మలేకపోతున్నాను.

అచ్చుకు పంపేముందు దీనిని ఆయన కోడలికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. చాయ్ హోటల్ భాగం దగ్గర ఆమె చేతిలోని చాట కింద పెట్టింది. "రాసినవు గద. ఇచ్చెయ్," అన్నది. లేచి లోపలికి వెళ్లింది. నాకు చాయ్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

సేటు దగ్గరకు కూడా వెళ్లాను. "ఇప్పుడు చెప్తే ఏం లాభం సార్," అన్నాడు. లాభానికి రాలేదని చెప్పి వచ్చేశాను.

ఆ తరువాత మన బృందంలో బాగా చెయ్యి తిరిగిన ఒక మిత్రుడు నా సైన్యాన్ని భూతద్దం కింద పరీక్షించి మెచ్చుకున్నారు. నగారా సిపాయి దగ్గర ఆగారు. "వీడి ముఖం మీద రంగు దళసరిగా ఉంది, లోపల ఏదో గడ్డకట్టింది. మొత్తం కడిగేసి మళ్లీ వేయండి, మీకు పావుగంట పని," అన్నారు. నేను వేయనన్నాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.

మామూలు వెలుతురులో వాడు మిగతావారిలాగే ఉంటాడు. సాయంత్రం ఎండ పక్క నుంచి పడినప్పుడు మాత్రం, నేను పెట్టిన ఎడమ కంటి కింద నుంచి సన్నని గట్టు ఒకటి తేలుతుంది. మొదట అది తిన్నగానే ఉంటుంది, కంటి వంపు తిరగవలసిన చోట సరిగ్గానే తిరుగుతుంది. ఆ తరువాతే వణికి, చెంప మీదుగా కిందికి పోతుంది.