పది కోట్ల ఒకటి

మా హాస్టల్ గదిలో నాతో ఉండే నర్సింహ లెక్కల్లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. నిన్న తార్నాక బస్టాపులో క్లాస్‌మేట్ సువార్తతో ధైర్యం చేసి, “మనిద్దరం 10,00,00,001 లెక్క ఉండాలండీ. దాన్ని ఏ సంఖ్యా భాగించలేదు,” అన్నాడట.

ఈ రోజు క్యాంపస్‌లో ఆమె వాడిని ఆపింది. నేను పక్కనే ఉన్నాను.

“పదిహేడుతోని భాగిస్తే శేషం సున్నా. మెట్టుగూడ దాంక బస్సుల మూడు, ఏడు, పదకొండు, పదమూడు అన్నీ చేసుకుంట పోయిన. మీరు చూడకుండనే చెప్పిన్రా?” అన్నది.

వాడు “సారీ అండీ” అని వచ్చేశాడు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. అంతా అయిపోయిందంటాడు.

ఇష్టం లేని అమ్మాయి మూడు దగ్గరే ఆపేసేదని నేనంటే వినడం లేదు. మీరైనా చెప్పి చూడండి.