పక్క వీధిలో ఆగే బడి వ్యాను

మా అమ్మాయిని ప్రత్యేక బడిలో చేర్చిన రోజు ఇంట్లో పెద్ద రగడ జరిగింది. చదువు గురించి కాదు, బడి వ్యాను ఎక్కడ ఆగాలన్న దాని గురించి. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పిల్ల మాటల పుట్ట. విన్న కథను మక్కీకి మక్కీ అప్పజెప్పేది. పుస్తకం ముందు పెడితే మాత్రం అక్షరాలు కదిలిపోతున్నాయని కళ్ళు నులుముకునేది. అంకెలూ అంతే, పన్నెండును ఇరవై ఒకటి అనేది. పాత బడిలో బద్ధకమన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు కలిసి బుర్ర పాడైందని మా అత్తగారు తేల్చేశారు. ఈ భిలాయిలో మనవాళ్ళ పిల్లలందరికీ అవే మూడు భాషలు కదా అంటే వినరే! చివరికి రాయ్‌పూర్‌లో డాక్టరమ్మ చూసి, తెలివికి లోటేమీ లేదు, నేర్పే పద్ధతే వేరుగా ఉండాలంది.

కొత్త బడిలో పళ్ళెంలో ఇసుక పోసి వేలితో అక్షరాలు దిద్దించేవారు. కొన్నాళ్ళకు పిల్ల ఇంట్లో ఉప్మా రవ్వ ఒలకబోసి దిద్దడం మొదలుపెట్టింది. వంటిల్లంతా రవ్వే. తిట్టబోయి, సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

వ్యాను మీద మాత్రం, అది ప్రత్యేక బడి అని ఎవరికైనా తెలిసేలా, ఆ బడి పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. మా ఆయన పనిచేసేది స్టీలు ప్లాంటులో, మా వీధిలో సగంమంది ఆయనతో పనిచేసేవాళ్ళే.

"పిచ్చోళ్ళ బడికి పంపుతున్నాడంటారే. వ్యాను పక్క వీధిలో ఆపమన్నాను" అన్నారాయన.

"అంటే అననీండి. మనకేటి?"

"నీకేటి, ఇంట్లో ఉంటావు. డ్యూటీలో నన్ను కదా అడుగుతారు!"

ఆయన మాటే నెగ్గింది. రోజూ పక్క వీధి దాకా నడిచి వ్యాను ఎక్కించి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేదాన్ని.

ఒకరోజు జోరువాన. బజారు నుంచి వస్తుంటే ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. నేను వెళ్ళేసరికి వ్యాను పిల్లను దింపేసి వెళ్ళిపోయింది. అక్కడ పిల్ల లేదు. మా సెక్టార్‌లో క్వార్టర్లన్నీ ఒకే రంగు, ఒకే గేటు. నంబరు చూసి ఇల్లు గుర్తుపట్టాలి. అంకెలు తారుమారయ్యే పిల్ల ఏ నంబరు చూసి ఇల్లు చేరుతుంది? తడుస్తూ వీధివీధీ అరుస్తూ తిరిగాను.

చివరికి ఒక వరండాలో కనిపించింది. ముసలావిడ ఎవరో తువ్వాలుతో దాని తల తుడుస్తోంది.

"నీ గుంటేనా అమ్మా? ఏ బడే అంటే నోరిప్పదేటి! పేరు చెప్తే బడికి ఫోన్ చేయించనా నేను?"

పిల్ల మెడలో బడి కార్డు లేదు. చూస్తే, గౌను లోపలికి దోపేసుకుంది. నన్ను వాటేసుకుని చెవిలో అంది.

"మమ్మీ, స్కూల్ పేరు నేను చెప్పలేదు. పాపా మనా చేశారు కదా!"

మెచ్చుకుంటానని నా మొహంలోకి చూసింది. బడి పేరు ఎవరికీ చెప్పొద్దని వాళ్ళ నాన్న పిల్లకు ఈ పాఠం కూడా నేర్పారని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన డ్యూటీ నుంచి రాగానే దులిపేశాను. "పరువు పోకుంటే చాలా, పిల్ల పోయినా పర్లేదా మీకు?" అని అరిచాను. ఆయన బూట్లు విప్పకుండానే వ్యాను డ్రైవరుకు ఫోన్ చేసి, "భయ్యా, కల్ సే ఘర్ కే సామ్‌నే" అని, రేపటి నుంచి ఇంటి ముందే ఆపమన్నారు.

మర్నాడు వ్యాను మా గేటు ముందే ఆగింది. పక్కింటివాళ్ళు చూస్తుండగా ఆయనే పిల్లను ఎత్తి ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, టాటా చెప్పడానికి చెయ్యెత్తారు. వ్యాను కదలగానే పిల్ల సీట్లోంచి కిందికి జారి తల దాచుకుంది. మా వీధి దాటేదాకా పైకి లేవలేదు.