పిల్లని ఎత్తుకోవడం మానకండి

మొన్న ఆదివారం ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొంటుంటే డాక్టర్ ఆంటీ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది. సంచి కౌంటర్ మీదే వదిలేసి, వచ్చి కార్‌లో కూర్చున్నాను.

ఆవిడ పిల్లల డాక్టరు. అమెరికాలో మా ఊరు ఎడిసన్‌లో మన పిల్లలు చాలామంది ఆవిడ చేతిలో పెరిగినవాళ్ళే. మా అబ్బాయి కూడా. గదిలోకి వస్తూనే ముందు పిల్లల్ని పలకరించేవారు, తర్వాతే మమ్మల్ని. ఏ దేశపు పిల్లలైనా "ఏం బంగారం" అనే. ఆ పిలుపు వాళ్ళందరికీ అర్థమయ్యేది.

ఆవిడ పనిచేసే పిల్లల ఆస్పత్రిలోనే నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. డాక్టర్లు రాసే మందుల్ని పిల్లల వయసుతో, బరువుతో, పాత రికార్డులతో పోల్చి, తేడా కనిపిస్తే ఆపి హెచ్చరించే ఏఐ ప్రోగ్రామ్ మా టీమ్ తయారుచేసింది. మొదట్లో అది అయినదానికీ కానిదానికీ హెచ్చరించేది. నర్సులు చదవకుండానే నొక్కి మూసేసేవాళ్ళు.

ఆంటీ నన్ను కెఫెటీరియాలో కూర్చోబెట్టి, తన డబ్బాలోని పెరుగన్నం సగం నాకు పెడుతూ చెప్పారు. "ఊరికే కేకలేసేవాళ్ళ మాట అవసరానికి ఎవరూ వినరమ్మా. తగ్గించు."

ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు నా పక్కనే కూర్చుని, ఏ హెచ్చరిక ఉంచాలో, ఏది తీసెయ్యాలో చెప్పేవారు. అయినా ఆవిడకి దానిమీద గురి కుదరలేదు.

ఒకరోజు జ్వరంతో చేరిన రెండేళ్ళ పాపకి ఆంటీ మందు రాస్తే ప్రోగ్రామ్ ఆపేసింది. బరువు సరిగా ఉన్నట్టు లేదు, మళ్ళీ తూచమంది. ఆవిడకి చిరాకేసింది. మీ మిషన్ మళ్ళీ మొదలుపెట్టింది, వచ్చి చూసుకోమని నాకు ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి పాపని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. ముఖం పాలిపోయింది. హడావుడిలో ఎవరో పౌండ్ల అంకెని కిలోలుగా ఎక్కించారు. ఆ లెక్కన రాసిన మందు పాపకి ఇవ్వాల్సినదానికి రెండింతలకు పైనే.

ఎత్తుకోగానే అంత బరువు లేదని తెలిసిపోయిందన్నారు, నెమ్మదిగా. మళ్ళీ తూయించి, మోతాదు మార్చి రాశారు. జరిగిందంతా పాప వాళ్ళమ్మకి తనే చెప్పారు. పాప ఆ వారంలోనే కోలుకుని ఇంటికెళ్ళింది.

తర్వాతి మీటింగ్‌లో అందరూ మా టీమ్‌ని మెచ్చుకుంటున్నారు. ఆంటీ లేచి, ఆ మందు రాసింది తనేనని కుర్ర డాక్టర్లందరి ముందూ చెప్పారు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. అప్పుడు అన్నారు: "దాని మాట వినండి. కానీ పిల్లని ఎత్తుకోవడం మానకండి."

ఆవిణ్ణి చివరిసారి చూసింది మా ఇంట్లోనే, ఈ వేసవిలో. మా చెల్లెలి పసిబిడ్డ ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది. మేమేవో కబుర్లలో ఉన్నాం. ఆవిడ అరచెయ్యి బిడ్డ వీపు మీద ఉంది. బిడ్డ ఊపిరితోపాటు ఆ చెయ్యి మెల్లగా లేస్తోంది, దిగుతోంది. మా కబుర్లు ఆవిడ ఎప్పుడో వినడం మానేశారు.