బంతిపూల మీద మనసుపడ్డ గుర్రం

ఆ గుర్రం సంగతి నాకు మొదట చెప్పిన మనిషికి అప్పుడు నోరు సగం మొద్దుబారి ఉంది.

నేను పళ్ల డాక్టర్‌ని. ఇల్లు వికారాబాద్‌లో, క్లినిక్ తాండూరులో. పొద్దున రైలెక్కి వెళ్లి, సాయంత్రం రైల్లో తిరిగొస్తాను. ఆ రోజు కుర్చీలో కూర్చున్నది అరవై దాటిన ఒక చాచా. పెళ్లి ఊరేగింపులకు, అదే బరాత్‌లకు, గుర్రాలు తోలడం వాళ్లింటి పని. దవడపన్ను తీయడానికి మత్తుసూది వేసి, అది పని చేసేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, గుర్రాలు ఎట్లా ఉన్నాయని అడిగాను.

"రెండు మంచిగున్నయి డాక్టరమ్మా. మూడోదే మస్తు పరేషాన్ జేస్తున్నది," అన్నాడాయన. పెదవి అప్పటికే ఒక పక్కకు జారుతోంది. "మొన్న బరాత్‌ల పెండ్లి పిలగాడు ఎక్కుదామని కాలు లేపిండు. గంతే, ఇది ఉరికింది. ముందట వరుసగ కుర్చీలేసిన్రు. వాటి మీదికెల్లి దుంకి అవతల వడ్డది. పిలగాడు కింద, తలపాగ ఒకదిక్కు, చెప్పు ఒకదిక్కు."

"అయ్యో, దెబ్బలు తగిలినయా?"

"ఎవ్వరికి తగల్లే. కుర్చీలకు గూడ తగల్లే!"

కుర్చీలకు కూడా తగల్లేదన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. పన్ను తీసి, దూది పెట్టి, ఆయన ఇక మాట్లాడకూడదని చెప్పాల్సిన దాన్ని, "ఆ గుర్రాన్ని చూడొచ్చా చాచా?" అని అడిగాను. ఆయన దూది కరుచుకుని తల ఊపాడు.

నాకీ పిచ్చి ఎప్పుడు పట్టిందో చెప్పాలి. ముప్ఫై అయిదు దాటాక, హైదరాబాద్ దారిలో ఉన్న ఒక గుర్రపు స్వారీ బడికి స్నేహితురాలి కూతుర్ని దింపడానికి వెళ్లాను. ఆ పిల్ల రెండు వారాలకు మానేసింది. నేను మానలేదు. ఆదివారం వస్తే చాలు, బడి గుర్రాల మీద ఎక్కేదాన్ని. అవి నాలాంటి వాళ్లను ఎందరినో మోసి విసిగిపోయిన ముసలి గుర్రాలు. మోకాలెత్తు అడ్డుకర్రను కూడా నిట్టూర్చి దాటేవి. ఆ నిట్టూర్పుకే నాకు రోజంతా సంతోషంగా ఉండేది.

చాచా ఇల్లు తాండూరు శివార్లలో, బండలు పాలిష్ చేసే మిల్లులు దాటాక ఉంది. పెరడు చుట్టూ పగిలిన నాపబండలను నిలువుగా పాతి కంచె కట్టారు. లోపల రెండు తెల్లగుర్రాలు నిద్రలో ఉన్నట్టు నిలబడ్డాయి. మూడోది నాలుగేళ్ల ఆడగుర్రం. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి జూలు, కొనలు ఒకదాన్నొకటి తాకేటట్టు లోపలికి వంగిన చెవులు. నన్ను చూసింది, నచ్చలేదు. వెనక్కి తిరిగి నాలుగు అడుగులు పరుగెత్తి, నా నడుము కంటే ఎత్తున్న ఆ బండల కంచెను మంచం దాటినంత సులువుగా దాటి, పక్క చేనులో కంది మొక్కలు తినడం మొదలుపెట్టింది.

"దినాం గిదే కథ," అన్నాడు చాచా తాడు తీసుకుని. "కందిచేను ఆసామి కన్నడంల తిడ్తడు, తెలుగుల తిడ్తడు. రెండూ నాకు సమజైతయి, గదే కష్టం."

నేను మాత్రం ఆ దూకుడులో ముందు కాళ్లు ఎంత చక్కగా ముడుచుకుందో, వీపు ఎట్లా విల్లులా వంగిందో అదే చూస్తున్నాను. నెల తిరక్కుండానే దాన్ని కొనడానికి మాట కుదిరింది. చాచా ఒక్క షరతు పెట్టాడు. "యాడ దుంకినా నన్ను విలువాలె బేటీ. నేను సూడాలె."

వికారాబాద్ చివర మా ఇంటి వెనక చేనుంది. టెంపో నుంచి గుర్రం దిగుతుంటే మా అత్తమ్మ బర్రెల కొట్టం ముందు నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది. మా ఆయన అంతకు ముందే ఏదో పని ఉందని స్కూటర్ ఎక్కేశాడు.

"ఏందే ఇది?" అంది అత్తమ్మ.

"గుర్రం, అత్తమ్మా."

"నాకు కండ్లు కనవడ్తున్నయిలే. దేనికని అడుగుతున్న."

"దూకడానికి."

ఆమె గుర్రాన్ని ముక్కు నుంచి తోక దాకా చూసింది. "దుంకి యాడికి వోతది?"

నేను గుర్రాన్ని కొట్టం పక్కకు నడిపించాను.

శిక్షణ అంటే వెంటనే ఎత్తులు దూకించడం కాదు. లేత ఎముకలు, తొందర పడొద్దని, స్వారీ బడి నుంచి ఆదివారాలు వచ్చే మా కోచ్ మొదటి రోజే చెప్పింది. ఆమె నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది, కానీ చేనులోకి దిగితే మాత్రం హెడ్‌మాస్టర్. నెలల తరబడి నడక, చిన్న పరుగు, మలుపులు, ఆగడం. ఆగడమే అన్నిటికంటే కష్టమైంది. రైలు కూత వినబడితే చాలు, మేమిద్దరం చేను ఆ చివర తేలేవాళ్లం.

తర్వాత అడ్డుకర్రలు తెచ్చాం. పోటీల్లో ఉన్నట్టే ఉండాలని ఎరుపు, తెలుపు చారలు వేయించాను. అక్కడ వచ్చింది చిక్కు. బండల కంచెలు, ముళ్లకంపలు, కుర్చీలు దాటిన గుర్రం, నేల మీద పడుకోబెట్టిన రంగుకర్రను చూసి పామును చూసినట్టు బుసకొట్టింది. దగ్గరికి రానంటే రానంది. చక్కెర పెట్టి పిలిచాను. దిగి, పట్టుకుని నడిపించాను. నేను కర్ర దాటాను, అది దాటలేదు. పగ్గం మాత్రం మా ఇద్దరి మధ్య బిగుసుకుంది.

ఒక పొద్దున క్లినిక్‌కు బయలుదేరుతూ చూస్తే, నా కొత్త అడ్డుకర్రలు స్టాండ్ల మీదికెక్కి ఉన్నాయి, వాటి మీద అత్తమ్మ చీరలు ఆరేసి ఉన్నాయి.

"అత్తమ్మా! అవి పోటీ కర్రలు!"

"ఉత్తగనే వడున్నయి గదా. దండెం తెగింది."

సాయంత్రం వచ్చేసరికి గుర్రం ఆ కర్రల పక్కనే నిలబడి ఉంది. అత్తమ్మ చీరలు మడతపెడుతోంది. గుర్రం ఒక చీర కొంగు నోట్లో పెట్టుకుంది. "ఇడువవే, ఇడువు," అని ఆమె దాని ముక్కు మీద తడితే వదిలేసి, కర్ర మీదికి మెడ చాచి వాసన చూసింది. అంతే. రంగుకర్ర అంటే బట్టలారేసేది, భయపడాల్సింది కాదని దానికి అర్థమైనట్టుంది. మరుసటి వారం ఆ కర్రలను దాటింది, అవసరానికి రెండింతలు ఎత్తున. నా టోపీ ఎగిరి కంచెలో పడింది. అత్తమ్మ బర్రెల దగ్గర నుంచి, "మెల్లగ వోండ్రి!" అని కేకేసింది.

చలికాలంలో ఆ స్వారీ బడిలోనే చిన్న పోటీ పెట్టారు. కొత్త గుర్రాలకు, తక్కువ ఎత్తు. చాచా ఇస్త్రీ షేర్వానీ వేసుకుని తాండూరు నుంచి వచ్చాడు. నా చుట్టూ ఉన్న పోటీదారులంతా బడి పిల్లలు. ఒక పాప నన్ను చూసి, "ఆంటీ, మీ పాప ఎక్కడ?" అని అడిగింది. నేనే ఎక్కుతానంటే నమ్మలేదు.

గంట మోగింది. మొదటి అడ్డు దాటింది. రెండోది దాటింది. ఇంత బాగా జరుగుతుందని నేను అనుకోలేదు. మూడో అడ్డుకు ఎవరో ముచ్చటపడి రెండు పక్కలా బంతిపూల దండలు వేలాడదీశారు. గుర్రం చక్కగా పరుగెత్తుతూ వెళ్లి, అడ్డు ముందు ఆగి, దండ కొరికింది.

చిన్నప్పటి నుంచి బరాత్‌ల వెంట తిరిగిన పిల్ల. మెడలో వేసిన దండలను పెళ్లయ్యాక తినడం దానికి అలవాటు. వెనక్కి తిప్పి మళ్లీ తెచ్చాను. రెండో పక్క దండ కూడా తినడం మొదలుపెట్టింది. మూడోసారి ఆగగానే, నియమం ప్రకారం మమ్మల్ని పోటీ నుంచి తీసేశారు. నోట్లోంచి పసుపు రెక్కలు వేలాడుతుండగా బయటికొచ్చాం. జనం పగలబడి నవ్వారు. నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత దాని మొహం చూసి నాకూ నవ్వొచ్చింది. అంత తృప్తిగా ఉంది అది.

"దానికి ఆకలైంది బేటీ," అన్నాడు చాచా. "ఫికర్ జెయ్యకు. మొఖం మొత్తెదాక తినవెట్టు, మల్ల ముట్టదు."

మా పక్క చేన్లో బంతి వేశారు. గంపల కొద్దీ తెచ్చి పెట్టాం. గుర్రానికి మొహం మొత్తలేదు. అత్తమ్మకే ఆ వాసన మొహం మొత్తింది.

చివరికి కోచ్ ఒక ఆదివారం అడ్డుకు పూలు కట్టి, నన్ను పదే పదే తోలించి, చేతులు కట్టుకుని చూసింది. "అక్కా, పూలను చూస్తున్నది గుర్రం కాదు, నువ్వు. నువ్వు పూలను చూసి కాళ్లు వదులు చేస్తున్నవు. అది, సరే, తిందామంటున్నరు కాబోలు అనుకుంటున్నది. అవతల ఆ కరెంటు స్తంభాన్ని చూడు. దాన్నే చూస్తూ రా."

స్తంభాన్ని చూస్తూ వచ్చాను. కింద ఏం జరిగిందో నాకు తెలియలేదు. ఒక్కసారి గాలిలోకి లేచాం, దిగాం. వెనక్కి చూస్తే పూలు పూలుగానే ఉన్నాయి. దాని మెడ కావలించుకున్నాను. ఈ వయసులో ఇంత కొత్త సంగతి ఒంటికి తెలియడం ఎంత బాగుంటుందో చెప్పలేను.

మరుసటి ఏడు మళ్లీ అదే పోటీ. ఈసారి అత్తమ్మ కూడా వచ్చింది, సద్ది మూటతో. నేను ప్రతి అడ్డుకూ అవతలి వైపు ఏదో ఒకటి చూసుకున్నాను. ఒక చెట్టు, ఒక నీళ్ల ట్యాంకు, ఒకసారి చాచా టోపీ. గుర్రం చెవులు ముందుకు నిక్కబొడుచుకుని, ఒక్కో అడ్డును తనే వెతుక్కుంటున్నట్టు పోయింది. చివరి అడ్డు దగ్గర మాత్రం నేను సంతోషంతో జీను మీంచి కాస్త ముందే లేచాను. వెనక కాలు తగిలి కర్ర పడింది. అయినా మాకు మూడో స్థానం వచ్చింది. మొదటి రెండూ బడి పిల్లలవే. అందులో ఒకరు, నా పాప ఎక్కడని అడిగిన అమ్మాయి. ఆమె వచ్చి నా గుర్రానికి క్యారెట్ ఇచ్చింది.

గుర్రాన్ని నడిపించి, నీళ్లు తాగించి, టెంపో నీడలో అందరం కూర్చున్నాం. అత్తమ్మ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పంచింది. పడిన కర్ర మీద చర్చ మొదలైంది. నేను ముందే లేచానని కోచ్ అంది. నిజమేనని ఒప్పుకోబోయాను.

చాచా అడ్డం పడ్డాడు. "కాలు తగిలితె సప్పుడు రావాలె గదా. రాలే. గాలికి వడ్డది."

"ఔ, గాలికే," అంది అత్తమ్మ, రొట్టె విరుస్తూ. "నేను సూస్తనే ఉన్న."

ఆ రోజు ఆకు కూడా కదలలేదు. అయినా కోచ్‌తో సహా మేమంతా గాలికే పడిందని ఒప్పుకుని, ఇంకో రొట్టె తీసుకున్నాం.