ఎవరూ పోలేదు, చూడ్డానికొచ్చాను

మా ఇళ్ళలో ఆడది ఊరు కదలాలంటే పెళ్ళయినా ఉండాలి, చావయినా ఉండాలి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టున్న ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను చూసిన ఊళ్ళన్నీ అలా చూసినవే. భీమవరం అంటే నాకు పెళ్ళిపందిరి, ఏలూరు అంటే ఆస్పత్రి వరండా. ఆ పందిరి వెనక ఏముందో వెళ్ళి చూసే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

మా ఆయన పోయిన కొన్నేళ్ళకి, ఆడవాళ్ళకి బస్సు ఉచితం అన్నాక, ఊళ్ళు చూడాలని నాకు బుద్ధి పుట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చేతిలో పెడతాడు. ఊరికే వచ్చేదాన్ని వదులుకునే అలవాటు నాకు లేదు. ప్రతి గురువారం పొద్దున్నే స్టీలు డబ్బాలో పెరుగన్నం, సీసాలో నీళ్ళు పెట్టుకుని బయలుదేరేదాన్ని. బయట టీ కూడా తాగను. మూడో తరగతితో బడి మానిపించారు గనుక బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, చదివాకే ఎక్కుతాను. ఒక గురువారం దెందులూరులో దిగి, చేలగట్టు మీద కూర్చుని డబ్బా ఖాళీ చేసి వచ్చేశాను.

"ఏం పనండీ అత్తయ్యగారూ?" అని కోడలు ప్రతిసారీ అడిగేది.

"పనేం లేదు. చూసొస్తాను."

ఆ జవాబు ఆ అమ్మాయికి చివరిదాకా మింగుడుపడలేదు.

కొల్లేరు కోసం ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, చేపల చెరువుల గట్లు, గుర్రపుడెక్క మధ్యలో వీపుల దాకా మునిగిన గేదెలు, వాటి మీద కొంగలు. ఆటపాక పక్షుల కేంద్రంలో లోపలికొక టికెట్టు, పడవకొక టికెట్టు అన్నారు. బయటి గట్టు మీంచి పక్షులు కనబడవా అనుకుని నడిచాను. కనబడ్డాయి. సంచి మూతుల గూడబాతులు, మధ్యాహ్నం కొట్లో కునికే గుమాస్తాల్లా కొమ్మల మీద కూర్చున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. వచ్చేటప్పుడు గట్టు జారి మోకాళ్ళ దాకా బురద.

కైకలూరులో మా మరిది ఉన్నాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. కాళ్ళు కడుక్కుని పోదామని వెళ్ళాను. తోడికోడలు గుమ్మంలోకి వచ్చింది.

"అక్కయ్యగారూ! ఒక్కరే వచ్చారేంటండీ?"

"ముందు చెంబుడు నీళ్ళివ్వు. కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రాను."

మా వాళ్ళలో పెద్దదిక్కు మనిషి ఫోను చెయ్యకుండా, చేతిలో నాలుగు అరటిపళ్ళయినా లేకుండా వచ్చి, గుమ్మం బయటే నిలబడి కాళ్ళకి నీళ్ళడిగితే దానికి ఒకటే అర్థం. చావు కబురు. నాకు ఆ ధ్యాసే లేదు. చెంబు ఆవిడ చేతిలోంచి జారిపోయింది.

"అయ్యయ్యో, ఎవరండీ? ఎవరు పోయారండీ?"

ఆ కేకకి మరిది కొట్టు షట్టరు సగం దించేసి పరిగెత్తుకొచ్చాడు. "చెప్పండి వదినగారూ. గుండె రాయి చేసుకున్నాను."

"ఎవరూ పోలేదయ్యా. పక్షుల్ని చూడ్డానికొచ్చాను."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "తట్టుకోలేక ఏదో మాట్లాడుతున్నారండీ, పాపం," అంది తోడికోడలు కళ్ళు ఒత్తుకుంటూ.

మరిది మా అబ్బాయికి ఫోను చేశాడు. వాడు మార్కెట్లో ఉల్లిపాయల వేలంపాటలో ఉన్నాడేమో, ఎత్తలేదు. ఎత్తలేదంటే ఇంకేముంది, పోయింది వాడేనని తేల్చేశారు. నేను అరుస్తూనే ఉన్నాను, వాళ్ళు బంధువులందరికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నేను తాడేపల్లిగూడెం చేరేసరికి మా కొట్టు ముందు ఏలూరు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు తెల్ల పంచెలతో కూర్చుని ఉన్నారు.

"నా చావుకి నేనే టీలు తెప్పించానమ్మా!" అన్నాడు మా అబ్బాయి, వాళ్ళు వెళ్ళాక. "చాలు. పరువు పోయింది. ఇక నువ్వు ఇల్లు కదలొద్దు."

"పెళ్ళికీ చావుకీ పంపినప్పుడు లేని పరువు తక్కువ, నా కళ్ళతో నేను చూడ్డానికి వెళితే వచ్చిందా?"

వాడు నా సంచిలోంచి ఆధార్ కార్డు తీసి కొట్లో ఇనప్పెట్టెలో పెట్టాడు. "ఇది లేకపోతే నువ్వు బస్సెక్కవు. డబ్బులు పెట్టి టికెట్టు కొనే మనిషివి కాదు నువ్వు. నాకు తెలుసు."

తెలుసు మరి, నా కొడుకు. పచ్చడి జాడీ కడిగిన నీళ్ళు కూడా పులుసులో పోసే ఇంట్లో పెరిగాడు. వాడు తాళం వేసింది నా పిసినారితనానికి.

మరుసటి గురువారం పొద్దున్న జంగారెడ్డిగూడెం బోర్డు చదివి ఎక్కాను.

"కార్డు చూపించండి మామ్మగారూ," అన్నాడు కండక్టరు.

"లేదు. టికెట్టు కొట్టు."

"ఉత్తపుణ్యానికి డబ్బులెందుకండీ? ఇల్లు దగ్గరైతే తెచ్చుకోండి, వెనకాల ఇంకో బస్సుంది."

"నా డబ్బులయ్యా. కొట్టు."

కొంగు ముడి విప్పాను. నోటు చేతిలో పెట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయినా పెట్టాను. పెట్టాక కిటికీ పక్క సీటు ఖాళీ చేయించుకుని మరీ కూర్చున్నాను.

కిటికీ బయట మన్ను ఎర్రబడుతూ ఉండగా మా అబ్బాయి ఫోను చేశాడు.

"ఎక్కడున్నావమ్మా?"

"బస్సులో. రెండు పక్కలా పామాయిల్ తోటలు. భలే ఉన్నాయిరా."

"అదెలా? కార్డు ఇక్కడ పెట్టెలో ఉంది కదా!"

"ఉండనీ. జాగ్రత్తగా దాచుకో," అన్నాను.