సగం కథకు ఒక కుప్ప

మాకు లేకుండా పోయిన వాసనలు లెక్కేస్తే ఆరు తేలాయి: తడిపిన వేరుశనగ కాయలది, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెది, రోట్లో దంచిన ఊరిబిండి పచ్చడిది, గొర్రెల దొడ్డిది, ఎద్దుల కొట్టానిది, కిరసనాయిలు బుడ్డిది. ప్రొద్దుటూరులో ఆదివారం పూట మేము కథలు రాయడం నేర్చుకునే మేడగదిలో వీటిలో ఒక్కటీ లేదు. అక్కడ మేడమ్ గారు బుట్టలో నిమ్మకాయ, కర్పూరం, తడిమట్టి పెట్టి, కళ్లు మూసుకుని వాసన చూసి చిన్నతనం చెప్పమంటారు. పదకొండు మందిలో ఎనిమిది మందికి తొలకరి మట్టివాసనే గుర్తొచ్చింది. వీళ్లు పీల్చినన్ని తొలకరులు నిజంగా కురిసి ఉంటే కడప జిల్లాలో బోరు వేసే పనే ఉండేది కాదు. అన్నిటికీ చప్పట్లే.

నాకు తెలిసిన కథల గుంపులో చప్పట్లకు చేతులు ఖాళీ ఉండేవి కావు. ముద్దనూరు దగ్గర మా ఊళ్లో, విత్తనం వేసే ముందు, కూలికి వచ్చిన ఆడవాళ్లు మా పెద్దమ్మ వసారాలో తలా ఒక కుప్ప ముందేసుకుని, పప్పు పగలకుండా వేరుశనగ కాయలను వేళ్లతోనే ఒలిచేవాళ్లు. తడి పొట్టు వాసన ముక్కుల్లోకి పోతుంటే, ఒకరు కథ ఎత్తుకునేవారు. కథ చెప్పినామె కుప్పను మిగతావాళ్లు ఒలవాలి. అదీ కట్టుబాటు.

ఒక ఏడు, ఒలవడానికి వచ్చిన గొర్రెల కాపరి రామక్కకు బొటనవేలు చీలింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో కూతురు కాన్పు నొప్పులు పడుతోంది. కుప్ప తెమిలితేనే పోవాలని పెద్దమ్మ షరతు.

"కత జెప్పు రామక్కా, మేము ఒలుస్తాం గదా" అన్నారు తక్కినవాళ్లు.

రామక్క, తన చిన్నప్పుడు పెన్న పొంగితే మంద కొట్టుకుపోవడం, వాళ్ల నాయన దాని వెంట నీళ్లలోకి దిగడం చెప్పసాగింది.

"ఏరు ఏం వాసన కొడ్తాండె?" అని గద్దించింది పెద్దమ్మ.

"బురద వాసన గాదమ్మా. గొర్రెల వాసన. ముందు అదొచ్చె, యెనక గొర్రెలొచ్చె."

చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. కథ సగంలో ఉండగానే కుప్ప అయిపోయింది, బస్సు హారన్ వినిపించింది, రామక్క కొంగు దులుపుకుని పరుగెత్తింది. నాయన గట్టెక్కాడో లేదో మాకు తెలియలేదు.

పది రోజులకు తిరిగొచ్చింది. కూతురు దక్కలేదు. పెద్దమ్మ మంచం దిగకుండానే, "సగం కతకు కుప్పంతా ఒలిపిచ్చుకుంటివే, తక్కింది ఎప్పుడు జెప్తావు?" అంది.

"కత లేదమ్మా. కుప్ప యాడుందో చూపీ."

మానని వేలితో మళ్లీ అంత కుప్పా తానే ఒలిచి వెళ్లింది. మాలో ఒక్కరూ చెయ్యి వేయలేదు.

పోయిన ఆదివారం ఇది చెబితే మేడమ్ గారు ముచ్చటపడి, మిగతా సగం అందర్నీ ఊహించి రాయమన్నారు. తొమ్మిది కాగితాల్లో నాయన ఒడ్డెక్కి కూతురు రామక్కను హత్తుకున్నాడు. పదోదానిలో ఇంద్రధనుస్సు కూడా పొడిచింది. నేను తెల్లకాగితం ఇచ్చాను.

ఇప్పుడు విత్తనం యంత్రం ఒలిచిన సంచుల్లో వస్తోంది. వసారాలో కుప్పలు లేవు, పెద్దమ్మ లేదు, రామక్కా లేదు. చెప్పిన సగం కథకు సగం కుప్ప ఆమె కష్టార్జితమే. ఆమె మాత్రం కుప్పంతా తీర్చి పోయింది. ఆమెకు మేము ఇంకా బాకీ ఉన్నది సగం కుప్ప.