అన్నింటికీ సరే

మా షాపులో రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, మూడు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. జిరాక్స్ మిషను దగ్గర నిలబడే పని నాది. కంప్యూటర్లు సరేనక్కవి, షాపూ ఆమెదే. అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ, ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లను పదకొండేళ్లలో నేను చూడలేదు. బస్టాండు ఎదురు సందులో సరేనక్క షాపెక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏ సైటు తెరిచినా ముందొక డబ్బా పైకి లేస్తుంది కదా, మీరేం చూశారో గుర్తు పెట్టుకుంటాం, ఇతరులకు కూడా చెబుతాం, ఒప్పుకుంటారా అని. అక్క దాన్ని చదివిన పాపాన పోలేదు. అది పూర్తిగా కనబడేలోపే "అన్నింటికీ సరే" మీద నొక్కేసి, నోటితో కూడా "సరే" అనేది. ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగేది కాదు.

"ఏం రాశాడో ఒక్కసారైనా చదవవా తల్లీ?" అని నేను సాధించేదాన్ని.

"చదువుతూ కూర్చుంటే వరస బస్టాండు దాకా పోతుంది. నువ్వు జిరాక్స్ తీసే కాగితాలన్నీ చదివే తీస్తున్నావా?"

నేను మళ్లీ నా మిషను దగ్గరికి పోయేదాన్ని.

మనసు మాత్రం వెన్న. తల్లి పోయినప్పుడు అక్కకు పంతొమ్మిది, చెల్లెలికి తొమ్మిది. తన చదువు మానేసి చెల్లెలిని చదివించింది, రక్తపరీక్షలు చేసే ల్యాబు కోర్సు చేయించింది. చెల్లెలికి పెళ్లి సంబంధం వస్తే ఆ పూటకాపూటే సరే అనేసింది. అబ్బాయికి మంచి ఉద్యోగం, మాట మెత్తన, ఇంకేం కావాలి? చెల్లెలేమందో నాకు గుర్తు లేదు. ఆ పిల్లను ఎవరూ అడిగినట్టు లేదు.

ఆ మెత్తని మాట మనిషి నాలుగేళ్లలో చెల్లెలిని ఉద్యోగం మాన్పించాడు, స్నేహితులను మాన్పించాడు. రోజూ సాయంత్రం ఫోను తీసుకుని ఎవరితో మాట్లాడిందో, ఏం చూసిందో వెతికేవాడు. చెల్లెలు పొడుగు చేతుల జాకెట్లు ఎందుకు వేసుకుంటోందో మాకు ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక నాకు పట్టలేనంత కోపమొచ్చింది. అక్క వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

ఒక గురువారం చెల్లెలు మూడేళ్ల పాపను తీసుకుని షాపుకు వచ్చింది. బడికి పాప ఫొటోలు కావాలని ఇంట్లో చెప్పి వచ్చింది. అసలు పని వేరు. ఆరు గంటల ప్రయాణం దూరంలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఉంది. ఆ ఊళ్లోనే పిల్లలతో ఉండే తల్లులకు గదులిచ్చే హాస్టలు కూడా ఉంది. తన ఫోనులో చూస్తే ఆయనకు తెలిసిపోతుంది కాబట్టి అక్క కంప్యూటరే దిక్కు.

"సోమవారం ఆయన క్యాంపుకు పోతున్నాడక్కా. పొద్దున్నే బస్సెక్కేస్తాం. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు," అంది.

అక్క కళ్లు తుడుచుకుంది. ఉద్యోగం సైటు, హాస్టలు సైటు, బస్సు సైటు, వరసగా తెరిచింది. ప్రతిచోటా డబ్బా లేచింది, ప్రతిచోటా అన్నింటికీ సరే నొక్కింది. చెల్లెలు నాలుగేళ్ల తర్వాత పళ్లు కనబడేలా నవ్వడం ఆ రోజే చూశాను.

వాళ్లు వెళ్లాక అక్క జాగ్రత్తగా చూసిన సైట్ల జాబితా అంతా చెరిపేసింది. ఆ చెరిపేచోటే కుకీలు అని, సైట్లు మన గురించి గుర్తు పెట్టుకున్నవాటికి, ఇంకో గడి ఉంటుంది, దానికి కూడా టిక్కు పెట్టాలి. అక్క ఏనాడూ పెట్టేది కాదు. పెడితే తెరిచి ఉంచిన లాగిన్లన్నీ పోతాయి, పొద్దున్నే పాస్‌వర్డులన్నీ మళ్లీ కొట్టాలి. ఆ రోజూ పెట్టలేదు.

శనివారం చెల్లెలి మొగుడు వచ్చాడు. బండి ఇన్సూరెన్సు కట్టాలట. అక్క పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పేజీ తెరిచింది. పక్కన ప్రకటన వచ్చింది: పిల్లలతో ఉండే తల్లులకు గదులు, మీరు చూసిన గది ఇంకా ఖాళీగానే ఉంది. ఊరి పేరుతో సహా. దాని కింద అదే ఊళ్లో ల్యాబు ఉద్యోగాలు, సోమవారం పొద్దుటి బస్సు.

అతను ముందుకు వంగి ఆ మూడూ చదివాడు.

"గురువారం పాప ఫొటోలు బాగా వచ్చాయి వదినా," అన్నాడు. "ఈ కంప్యూటర్లోనే తీశారా?"

"కస్టమర్లెవరో చూసుంటారు మరిదిగారూ. రోజూ వందమంది వస్తారు," అంది అక్క. అంటూనే గబగబా ఆ పేజీ మూసేసింది, అది అతను గమనించకుండా ఉంటాడా? ఇన్సూరెన్సు కట్టించుకోకుండానే లేచి వెళ్లిపోయాడు.

అక్క వెంటనే చెల్లెలికి ఫోను చేసింది. అతనే ఎత్తాడు. వాళ్లింటికి పరుగెత్తింది, తలుపు తీయలేదు. సోమవారం బస్సు వాళ్లు లేకుండానే వెళ్లిపోయింది. తర్వాత రెండు నెలలు చెల్లెలి గొంతు వినలేదు.

అప్పటినుంచి అక్క ప్రతి డబ్బా పైకి చదవడం మొదలుపెట్టింది. ఇది మీరు చూసినవన్నీ గుర్తు పెట్టుకుంటుందట, ఒప్పుకుంటారా అని ఒక్కొక్కరినీ అడిగేది. సాయంత్రం అన్ని గడులకూ టిక్కులు పెట్టి, తుడిచిందే తుడిచేది. కస్టమర్లు విసుక్కునేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకు తెలుసు, కానీ ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

బళ్లు తెరిచే రోజుల్లో చెల్లెలు వచ్చింది, పాప బడి ఫారం నింపించడానికి. మొగుడు వెనకాలే నిలబడి కుర్చీ వీపు మీద చేయి వేశాడు. చెల్లెలు బాగా చిక్కిపోయింది. అక్క వైపు చూడలేదు. బడి సైటు తెరవగానే డబ్బా లేచింది. అక్క అలవాటుగా మొత్తం చదివి, చెల్లెలి వైపు తిరిగింది.

"ఒప్పుకుంటావా అమ్మా?"

"దానికేం తెలుస్తుంది వదినా, నొక్కేయండి," అన్నాడు అతను.

"నేను దాన్ని అడిగాను," అంది అక్క. అతనికి ఎదురుచెప్పడం అదే మొదటిసారి.

చెల్లెలు తెర వైపే చూస్తూ మెల్లగా అంది, "నొక్కేయక్కా. నన్నెప్పుడు అడిగావని ఇప్పుడు అడుగుతున్నావు?"

అక్క నొక్కింది. నోటితో మాత్రం సరే అనలేదు.